ఐదు సున్నా మూడు గారు

తన జుట్టు కత్తిరించే మనిషి వాళ్ళ వదిన ఒకావిడ సకాయి ఊళ్ళో పాత ఫ్లాటు ఒకటి కొని పడేసిందనీ, ఇప్పుడు కాలు మీద కాలేసుకుని నెలనెలా అద్దె తింటోందనీ, పని చేసిన చోటికి వెళ్ళి యజమాని ముఖాన ఏప్రాన్ విసిరికొట్టి మరీ వచ్చిందనీ నిషివాకి గారి భార్య చెప్పింది. చెప్పింది కికునోకి కాదు. చేపల కౌంటరు ముందు నిలబడి ఇంకెవరికో చెబుతుంటే, అద్దాల గోడకు ఇవతల చేపల తలలు నరుకుతున్న కికునో విన్నది. నిషివాకి గారి భార్య నోట పడ్డ మాటకు దారిలో రెండు కాళ్ళు ఎక్కువ మొలుస్తాయని ఆ పేటలో అందరికీ తెలుసు. కాళ్ళు నరికేసినా మొండెం మిగులుతుంది కదా, అదైనా నిజమే అయ్యుంటుంది అనుకుంది కికునో.

ఒసాకా నగరంలో ఆ సూపర్‌మార్కెట్టు చేపల విభాగంలో ఆమెది ముప్ఫై ఏళ్ళ కత్తి. ఐసులో చేతులు పెట్టీ పెట్టీ కుడి మణికట్టు మొరాయించడం మొదలుపెట్టింది. చలికాలం పొద్దుటిపూట చేతిలో కత్తి ఉందో లేదో చూసుకుంటే గాని తెలియడం లేదు. ఈ చెయ్యి పూర్తిగా ఎదురు తిరిగే లోపల ఒక ఫ్లాటు కొని అద్దెకివ్వాలి, ఆ అద్దెతో కత్తి కింద పెట్టాలి. ఆమె ముందున్నది ఈ ఒక్క పనే. కికునో ఒకటి అనుకుందంటే చేపకు పొలుసు తీసినట్టే, మధ్యలో ఆపడం ఆమె చేతికి రాదు.

భర్త యసుజి సిటీబస్సు డ్రైవరుగా చేసి దిగిపోయినవాడు. మలుపు దగ్గర తొందర పడకపోవడం ఆయనకు జీవితం నేర్పిన ఒకే ఒక్క పాఠం.

"పోస్టాఫీసులో మన డబ్బు నిద్రపోతోందండీ," అంది కికునో.

"నిద్రపోనీ. ముప్ఫై ఏళ్ళు పొద్దున్నే నాలుగింటికి లేచాను. నా డబ్బైనా సుఖంగా పడుకోనీ," అన్నాడు యసుజి.

కానీ డబ్బులో పెద్ద భాగం కికునోది. అందుచేత ఆమె హమాగుచి అనే బ్రోకర్ని పట్టుకుంది. హమాగుచి అబెనో పేటలో 'షాతో తకారా' అనే ఏడంతస్తుల బిల్డింగును చూపించాడు. పేరు చూస్తే పరదేశపు రాజుగారి కోటలా ఉంటుంది. దగ్గరికెళ్తే లిఫ్టు మూలుగుతుంది. అయితే స్టేషనుకు నడక దూరం, భూకంపాల కొత్త నిబంధనలు వచ్చాక కట్టింది, గోడల్లో పగుళ్ళు లేవు. ఐదో అంతస్తులో 503 అమ్మకానికి ఉంది. యజమాని వకుదా గారిది నారా వైపు పల్లె, పండ్ల తోటలున్నాయి. ఈ వసంతంలో తల్లి పోయింది, తల్లి పేర ఉన్న ఫ్లాటు ఈయనకు వచ్చింది.

"ఆయన సరేనన్నారండీ. కాగితాలు మాత్రం ఆగస్టులో బోన్ పండగ అయ్యాకే. వాళ్ళమ్మ పోయాక మొదటి బోన్ కదా, ఆవిడ ఆత్మ ఇంటికొచ్చి తిరిగి వెళ్ళేదాకా ఆవిడ ఆస్తి కదిలించకూడదని వాళ్ళావిడ పట్టు," అన్నాడు హమాగుచి. "ఈలోగా నా మాటలు రెండు వినండి. ఫ్లాటు లోపలి అందం చూసి మురిసిపోకండి. గోడకాగితం మార్చుకోవచ్చు, పక్కింటివాళ్ళని మార్చుకోలేం. చెత్త పడేసే చోటుకెళ్ళి చూడండి, బిల్డింగు జాతకం అక్కడ ఉంటుంది. రెండోది, మీరు కొంటున్న సంగతి ఆ బిల్డింగులో చీమకు కూడా తెలియకూడదు. ఈ ధరకు పోతోందని తెలిస్తే అక్కడివాళ్ళే ఎగరేసుకుపోతారు. వకుదా గారు మాటే ఇచ్చారు గాని కాగితం మీద ముద్ర వెయ్యలేదు."

జూన్ నెలలో ఒక గురువారం కికునోకి పని మధ్యాహ్నం నుంచి. పొద్దున్నే రైలెక్కి, షాతో తకారా చెత్త, సైకిళ్ళు, పోస్టుడబ్బాలు ఒకసారి చూసుకుని, ఎవరి కంటా పడకుండా తిరిగొచ్చి, మొగుడికి వంకాయ వేపుడు చేసి పనికి పోవాలి. ఆ రోజు పథకం ఇంతే. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుందో దేవుడికే తెలియాలి.

బిల్డింగు పక్క సందులో చెత్త సంచులున్నాయి. వాటి మీద కప్పాల్సిన కాకుల వల సగం పక్కకు జారి ఉంది. రెండు కాకులు ఒక సంచీ చీల్చుకుని బంతి భోజనానికి కూర్చున్నాయి. అందులో ఒకటి చేప తలకాయను రోడ్డు మధ్యకు లాక్కొచ్చి, వచ్చేపోయేవాళ్ళు చూడాలన్నట్టు పెట్టింది.

చూసి వెళ్ళిపోదామనే కికునో వచ్చింది. కానీ చేప తలను న్యూస్‌పేపర్లో చుట్టకుండా పారేసేవాళ్ళంటే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. చేతిసంచిలోంచి పాత పేపరు తీసింది. తలకాయను చుట్టింది. సంచీ మూతి బిగించి, వల లాగి, అంచుల మీద ఇటుకలు పెట్టింది. రోడ్డు మీద నీసు మరకను కాలితో రాస్తుండగా వెనకనుంచి గొంతు వినిపించింది.

"ఏ ఇల్లమ్మా మీది?"

ఎనభైకి దగ్గర పడ్డ ముసలమ్మ. చిరుతపులి ముఖం అచ్చేసిన చొక్కా తొడుక్కుంది. పులి కళ్ళకన్నా ఆవిడ కళ్ళు చురుగ్గా ఉన్నాయి.

ఏ ఇల్లూ కాదంటే పరాయి బిల్డింగు చెత్త ఎందుకు కెలుకుతున్నట్టు? ఆ ఊళ్ళో దొంగతనమన్నా క్షమిస్తారేమో గాని పక్కవాళ్ళ చెత్త కెలికినవాళ్ళని క్షమించరు. కొనడానికి చూస్తున్నానంటే హమాగుచి చెప్పిన చీమకు ఏకంగా మైకు ఇచ్చినట్టు అవుతుంది. కికునో బుర్రలో అప్పటికి ఉన్నది ఒకే ఒక్క అంకె. అదే బయటికొచ్చింది.

"ఐదు... ఐదు సున్నా మూడు."

ముసలమ్మ ఆమెను తలనుంచి కాళ్ళదాకా చూసింది. తర్వాత చాలాసేపు వలనూ, వల మీది ఇటుకలనూ చూసింది.

"ఐదు సున్నా మూడా," అంది చివరికి. "ఎన్నేళ్ళుగానో మీ ఇంటి ఓనర్లెవరూ ఈ మెట్లు దిగలేదు. వంతొస్తే ఊళ్ళో ఉండరు. మీటింగుకి పిలిస్తే ఎవరేం చేసినా సమ్మతమేనని కార్డు ముక్క రాసి పడేస్తారు. ఇన్నాళ్ళకి ఒక మనిషి దిగింది. నేను సుగితానిని. ఐదు సున్నా రెండు. మీ పక్కిల్లే. ఇదిగో, ఈ బిళ్ళ చప్పరించు."

కికునో చేతిలో ఒక నిమ్మకాయ బిళ్ళ పడింది. దాని వెనకాలే ఒక చెక్క పలక పడింది. దాని మీద 'చెత్త వంతు' అని రాసి ఉంది, పైన తగిలించడానికి తాడు ఉంది.

"ఈ వారం మీ వంతే. పొద్దున ఏడు లోపల వల వెయ్యాలి. బండి వెళ్ళాక ఊడ్చి, వల మడిచి పెట్టాలి. పలక మీ తలుపుకి తగిలించుకో. వారమయ్యాక ఐదు సున్నా నాలుగు వాళ్ళకివ్వు."

"మామ్మగారూ, నేను..."

"ఆ, తెలుసు. పనిచేసేదానివి, తీరిక ఉండదు. ఇక్కడ తీరిక ఉన్నవాడెవడున్నాడు?" అని సుగితాని మామ్మ చెయ్యి పట్టుకుని లిఫ్టులోకి లాక్కుపోయింది. లిఫ్టు మూలిగింది. కికునో కూడా మూలిగింది గాని లోలోపల.

ఐదో అంతస్తులో దిగాక సుగితాని తన తలుపు తీసుకుంది గాని లోపలికి పోలేదు. గుమ్మంలో నిలబడి కబుర్లు మొదలుపెట్టింది. కికునో 503 ముందు నిలబడి, లేని తాళంచెవి కోసం చేతిసంచి వెతకడం మొదలుపెట్టింది. రుమాలు తీసింది. గొడుగు తీసింది. కొట్లో వాడే రబ్బరు చేతితొడుగులు తీసింది. మామ్మ కబుర్లు వానాకాలం మీదనుంచి అల్లుడి మీదకూ, అల్లుడి మీదనుంచి మోకాళ్ళ మీదకూ వచ్చాయి. ఆఖరికి సంచిలో వెతకడానికి సంచీ తప్ప ఏమీ మిగల్లేదు.

"దొరకలేదా తాళం?"

"కొట్లో వదిలేసి వచ్చినట్టున్నా."

"అయ్యో పాపం. రా, మా ఇంట్లో టీ తాగిపోదువు," అంది సుగితాని, జాలిగానే.

ఆ టీ అయ్యేసరికి వంకాయ వేపుడు ముహూర్తం దాటిపోయింది. పలక తగిలించడానికి తలుపు లేక, కికునో దాన్ని చేతిసంచిలో కుక్కుకుని రైలెక్కి ఇంటికి తెచ్చింది.

"ఏంటది?" అన్నాడు యసుజి.

"వంతు."

"ఎవరిది?"

"మనదే. ఇంకా కొనలేదు గాని."

యసుజి పలకను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇల్లు కొనడానికి వెళ్ళి చీపురు కొనుక్కొచ్చిన మనిషిని నిన్నే చూస్తున్నా," అన్నాడు.

ఇక్కడ ఇంకొకరైతే మళ్ళీ ఆ బిల్డింగు ఛాయలకు పోరు. కికునో వేరేగా ఆలోచించింది. వారం రోజులు వల వెయ్యకపోతే 503 కోసం వెతుకుతారు, వకుదా గారికి ఫోను చేస్తారు, ఆయనకు అటువంటి మనిషే తెలియదంటాడు, గుట్టు రట్టవుతుంది, ఫ్లాటు పోతుంది. వేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. పైగా రేపు తనదయ్యే బిల్డింగే కదా. నా గోడకు నేనే సున్నం కొట్టుకుంటున్నాను అనుకుంది. చెత్త రోజుల్లో తెల్లవారే రైలెక్కి వల వేసింది. తనకు పొద్దున పని ఉన్న రోజు యసుజిని పంపింది. ఆయన సణుగుతూ వెళ్ళాడు. బస్సు నడిపినన్నాళ్ళూ ఒక్క నిమిషం ఆలస్యం కాని మనిషి కాబట్టి వల కూడా ఒక్క నిమిషం ఆలస్యం కాలేదు. పలక ఐదు సున్నా నాలుగుకి అందించాక ఈ పీడ వదిలిందనుకున్నారు ఇద్దరూ.

వదల్లేదు. శుభ్రంగా చేసినవాళ్ళకు మళ్ళీ పని చెప్పడమే లోకం తీరు. "ఐదు సున్నా మూడు గారూ, ఆ సైకిళ్ళ సంగతి కూడా చూడరాదూ," అన్నారు కిందింటివాళ్ళు. ఆ బిల్డింగులో మనుషుల్ని పేరుతో కాకుండా ఇంటి నంబరుతో పిలవడం అలవాటు. అందువల్ల కికునో పేరు ఎవరూ అడగలేదు, ఆమె అబద్ధం ఆడాల్సిన అవసరమూ రాలేదు. సైకిళ్ళ కొట్టంలో దిక్కులేని సైకిళ్ళు తుప్పుపట్టి ఒకదాన్నొకటి కావలించుకుని పడున్నాయి. సైకిళ్ళు అలా పడున్న చోట మంచి అద్దెదారు దిగడని హమాగుచి చెప్పిన మాట గుర్తొచ్చింది. ప్రతి హ్యాండిలుకూ చీటీ కట్టింది. నెల తిరిగేలోగా ఎవరూ చీటీ విప్పని సైకిళ్ళని బండి పిలిపించి ఎత్తించేసింది. ఆ పని చేస్తుంటే వరండా దీపాలు ఆరిపోయి కనిపించాయి. యసుజి నిచ్చెన తెచ్చి మార్చాడు. దీపం వెలిగాక పోస్టుడబ్బాల మీది దుమ్ము కనిపించింది. ఒకటి తుడిస్తే పక్కది సిగ్గుపడింది.

ఈలోగా ఇంట్లో వేడి తగ్గలేదు.

"కికునో, ఈ నెలలో మన మెట్లు ఊడిచావా?" అన్నాడు యసుజి ఒకరోజు.

"మన మెట్లు అద్దె తెచ్చిపెట్టవు."

"ఆ మెట్లు కూడా ఇంకా తేవడం లేదు."

"తెస్తాయి," అంది కికునో, మణికట్టుకు మందుపట్టీ చుట్టుకుంటూ. ఆ ఒక్క మాట ఎలా అందంటే యసుజి మళ్ళీ ఆ ప్రసక్తి తేలేదు. రాత్రి నిద్రలో కూడా ఆమె కుడిచెయ్యి కత్తి పట్టినట్టే ముడుచుకుని ఉంటుందని ఆయనకు తెలుసు.

జూలైలో ఓనర్ల సంఘం సాధారణ సమావేశం వచ్చింది. రాకపోతే బాగుండదని సుగితాని మామ్మ ముందురోజే హెచ్చరించింది. కికునో వెనక వరుసలో, తలుపు పక్కన కూర్చుంది. సాయంత్రం పని ఉంది, మధ్యలో జారుకోవచ్చు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, బార్లీ టీ గ్లాసులు చెమటలు కక్కుతున్నాయి. లెక్కలు చదివారు, ఎవరూ వినలేదు. తర్వాత పాత అధ్యక్షుడు ఒగురా గారు, చెప్పుల షాపు అమ్మేసి ఇంట్లో కూర్చున్న పెద్దమనిషి, గొంతు సవరించుకున్నాడు.

"ఈ ఏడాదికి కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి. నాకు నడుం నొప్పి. ఎవరైనా ముందుకొస్తే..."

అంతే, గది మొత్తం చచ్చిపోయింది. అటువంటి సభల్లో అధ్యక్ష పదవి మాట రాగానే మనుషులు రాళ్ళయిపోతారు. తల ఎత్తినవాడి పని అయిపోయినట్టే. ఒకాయన గ్లాసు పెదాల దాకా తీసుకెళ్ళి అక్కడే ఆపేశాడు, మింగితే గుటక కదిలి కనిపిస్తుందని. ఒకావిడకు తుమ్ము వచ్చింది, ముక్కు గట్టిగా నొక్కి పట్టుకుంది, కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి గాని తుమ్మును మాత్రం బయటికి రానివ్వలేదు.

గోడ గడియారం కికునో పనివేళ దగ్గర పడిందని చూపిస్తోంది. ఆలస్యమైతే సాయంత్రం ముక్కలు కోసేవాళ్ళుండరు. ఇంకాస్త చూసింది. ఎవరూ కదల్లేదు. చివరికి నెమ్మదిగా లేచి నిలబడి, నడుం వంచి, "క్షమించాలి, నేను..." అంది.

"క్షమించడమేమిటండీ," అన్నాడు ఒగురా గారు, గొంతులో తడి వచ్చేసింది. "మీరు లేచారు. అది చాలు."

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. సుగితాని మామ్మేనని తర్వాత తెలిసింది. చప్పట్లు మొదలయ్యాయంటే ఆమోదించినట్టే. అందులో తాను కొట్టకపోతే తననే అడుగుతారన్న భయం అందరికీ. ఆ బిల్డింగు కట్టినప్పటినుంచీ అంత ఏకగ్రీవంగా ఏ తీర్మానమూ నెగ్గలేదు. ముక్కు పట్టుకున్నావిడ హాయిగా తుమ్మింది.

కికునో నిలబడే ఉంది. నేను ఓనర్ని కాను అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అలా అంటే, మరి ఎవరివన్న ప్రశ్న వస్తుంది. బోన్ పండగకు ఇంకెంతో లేదు. అప్పటికి తాను ఎలాగూ ఓనరే. ఒక్క నెల ముందుగా పుట్టిన బిడ్డలాంటి అబద్ధం, బతికి బట్టకట్టదా? "నాకు చేతనైనంత..." అని గొణిగి, రైలు అందుకోవడానికి పరుగెత్తింది. ఆ పరుగు చూసి, ఎంత ఉత్సాహమో చూశారా అని మెచ్చుకున్నారు.

అధ్యక్షురాలయ్యాక మొదటి గొడవ డాబాది. వానాకాలంలో ఏడో అంతస్తు కప్పు కారింది. డాబా మీద నీరు దిగకుండా పూత వేయించాలని కొన్నేళ్ళుగా వాయిదా వేస్తున్నారు. పూత కంపెనీవాడు చెప్పిన అంచనా విని ఒగురా గారు నడుం నొప్పి మరిచిపోయి నిటారుగా కూర్చున్నాడు. ఆ అంచనా ఒప్పుకుంటే మరమ్మతుల నిధికి ప్రతి ఇల్లూ నెలనెలా కట్టేది పెరుగుతుంది. అది పెరిగితే కికునో చేతికొచ్చే అద్దెలో ఆ మేరకు కోత. కాబట్టి ఆమె కంపెనీవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"బాబూ, వానల్లో మీ మనుషులకి పనుందా?"

"వానల్లో పూతలుండవు కదండీ. ఆగస్టు దాకా ఖాళీయే."

"మరి ఎండ కాసిన రోజల్లా మా డాబా ఎక్కండి. ఖాళీగా కూర్చున్నవాళ్ళకి జీతం మీరివ్వాల్సిందే కదా."

"అయినా ఈ ధరకి గిట్టదమ్మా."

"నాది చేపల కొట్లో పని," అంది కికునో. "పొద్దున చేప తన ధర తాను చెబుతుంది. సాయంత్రం ఏడు దాటాక నేను చెబుతా. అమ్ముడుపోని చేపకీ, పని లేని మేస్త్రీకీ పొద్దుగూకాక ఒకటే ధర. నువ్విప్పుడు పొద్దుగూకాక వచ్చావు."

కంపెనీవాడు మూడుసార్లు లేచి వెళ్ళిపోయాడు, నాలుగోసారి లేవబోయి కూర్చున్నాడు. పూత పడింది. నిధి పెంచనక్కర్లేదని నోటీసు బోర్డు మీద చీటీ అంటించిన రోజున, షాతో తకారాలో ఎప్పుడూ పలకరించుకోనివాళ్ళు కూడా లిఫ్టులో ఆమె గురించి మాట్లాడుకున్నారు. లిఫ్టుకి కూడా నూనె పడింది, మూలగడం మానేసింది. కాకులు పక్క వీధికి మకాం మార్చాయి. ఇంటింటి నుంచీ 503కి పుచ్చకాయ ముక్కలు, సన్న సేమియాలు రావడం మొదలయ్యాయి. తలుపు ఎప్పుడూ తాళమే కాబట్టి అవన్నీ సుగితాని మామ్మ ఇంట్లో చేరేవి, అక్కడినుంచి రైలెక్కి కికునో ఇంటికి పోయేవి. ఒగురా గారికి యసుజితో చదరంగం స్నేహం కుదిరింది. యసుజి ఇప్పుడు వంతు లేని రోజుల్లో కూడా వల సరిచూడ్డానికి వెళ్తున్నాడు. అడిగితే, "దారిలోనే కదా" అంటున్నాడు. ఏ దారిలోనో ఆయనకూ తెలియదు.

బోన్ పండగ వచ్చింది. వకుదా గారి తల్లి ఆత్మ వచ్చి, చూసుకుని, దీపాల దారిన వెళ్ళిపోయింది. ఆ తర్వాత వచ్చే మంచిరోజు పొద్దున హమాగుచి ఆఫీసులో కాగితాలు. కికునో సంతకానికి బదులు వేసే తన ముద్రను పట్టుగుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. యసుజి టై కట్టుకున్నాడు.

"ఇవాళ పోస్టాఫీసు డబ్బు నిద్ర లేస్తుంది," అంది దారిలో.

"లేపుతున్నావుగా," అన్నాడు యసుజి. "నీ చెయ్యి పడుకోవాలంటే అది లేవాలి. సరేలే."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఇంత పెద్ద అంగీకారం తెలపడం అదే మొదలు.

హమాగుచి ఆఫీసులో ఏసీ బాగానే తిరుగుతోంది. అయినా అతని నుదుటి మీద చెమట. టీ ఇచ్చాడు. తాగకముందే ఇంకో గ్లాసు ఇచ్చాడు. తలుపు తెరుచుకుంది. ఎండకు నల్లబడ్డ పెద్దమనిషి వచ్చాడు, చేతిలో ఆకుల్లో చుట్టిన సుషి పెట్టె. వకుదా గారు. ఆయన వెనకాల చిరుతపులి వచ్చింది.

 గుట్టు దాచుకోవడానికి కికునో సంచి ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"దించు అమ్మాయ్. చెయ్యి నొప్పెడుతుంది," అంది సుగితాని మామ్మ.

వకుదా గారు పెట్టెను రెండు చేతులతో ముందుకు తోసి, నడుం వంచి, అదే భంగిమలో చెప్పాడు. "చాలా తప్పు చేస్తున్నానండీ. పండగకి ముందు ఫ్లాటు ఊడ్చి వద్దామని వెళ్ళాను. బిల్డింగు గుర్తుపట్టలేక పక్క సందుదాకా పోయి వెనక్కొచ్చాను. అంత శుభ్రంగా ఉంది. ఈ మామ్మగారు ఎదురై, అమ్మేస్తున్నావటగా, ఎంతకి అన్నారు. చెప్పాను. దాని మీద ఇంకొంత వేసి తానే తీసుకుంటానన్నారు. మీకిచ్చింది మాట. ఇంకా ముద్ర పడలేదు కదా అని..."

కికునో హమాగుచి వైపు చూసింది. హమాగుచి గోడ క్యాలెండరు వైపు చూశాడు. ఎవరు కొన్నా అతని కమీషను అతనికి వస్తుంది. వలలో పడ్డది ఏ చేపైతేనేం?

"మామ్మగారూ," అంది కికునో. ముప్ఫై ఏళ్ళు కత్తి పట్టిన మనిషి, నొప్పి సంగతి తర్వాత, ఎక్కడ తెగిందో ముందు చూసుకుంటుంది. "నేను ఐదు సున్నా మూడు మనిషిని కాదని మీకెప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే. వకుదాల రక్తంలో చీపురు పట్టే గుణం లేదు," అంది సుగితాని. వకుదా గారు ఇంకాస్త వంగాడు. "నువ్వు వల సర్దుతుంటేనే అనుకున్నా, ఈ పిల్ల ఆ ఇంటిది కాదు, కొనడానికొచ్చిందని. కొనేవాళ్ళు తప్ప చెత్త వైపు అంత ప్రేమగా ఎవరు చూస్తారు?"

"మరి నన్ను తలుపు ముందు అంతసేపు తాళంచెవి వెతకనిచ్చారే."

"నవ్వొచ్చింది. ఈ వయసులో నవ్వు ఎన్నిసార్లొస్తుంది చెప్పు. తర్వాత టీ ఇచ్చాగా."

"అధ్యక్షురాలిగా ఎందుకు నిలబెట్టారు?"

"మాలో ఎవడు లేస్తాడమ్మా? ఒగురా అధ్యక్షుడిగా ఉండగా ఎవరైనా నాకీ ఫ్లాటు ఉచితంగా ఇస్తానన్నా వద్దందును. మొన్న డాబా మీదికెక్కి చూశా. ఒక్క చుక్క దిగదు. ఇప్పుడు వద్దనడానికి నాకేం పిచ్చా? పక్క గోడ కొట్టించి గుమ్మం పెట్టిస్తా, మనవరాలొచ్చి ఉంటుంది."

కికునో పట్టుగుడ్డ విప్పకుండానే ముద్రను సంచి అడుక్కి తోసింది. తర్వాత నిటారుగా కూర్చుంది.

"అయితే నేనివాళే మానేస్తున్నాను. నాకు ఆ బిల్డింగుతో ఏ సంబంధమూ లేదు."

"మానెయ్," అంది సుగితాని, బిళ్ళ ఒకటి నోట్లో వేసుకుంటూ. "రేపటినుంచి వల ఎవరూ వెయ్యరు. కాకులొస్తాయి. నీకేం, నీ చెత్త కాదుగా."

కికునో కుడిచెయ్యి ఒళ్ళో ముడుచుకుంది. యసుజి టై వదులు చేసుకుని, గోడ క్యాలెండరు చూసి నెమ్మదిగా అన్నాడు. "రేపు సీసాల చెత్త పడేసే రోజు. నేను వెళ్ళొస్తాలే. ఒగురాతో ఆట సగంలో ఉంది."

హమాగుచి ఇంకో టీ పోశాడు. వకుదా గారు నడుం పట్టేసి, పక్కనున్న కుర్చీ పట్టుకుని లేచాడు. కికునో ఆ టీ పూర్తిగా తాగింది. గ్లాసు కింద పెట్టింది. సుగితాని మామ్మ వైపు కుర్చీ తిప్పుకుంది. ఆమె చూపు పొద్దున్నే చేపల వేలంలో నిలబడ్డ మనిషి చూపులా ఉంది.

"సరే, మామ్మగారూ. ఐదు సున్నా మూడు పోయింది. ఆ బిల్డింగులో ఉన్నవాళ్ళంతా మీకు తెలుసు. రెండో అంతస్తైనా సరే, మెట్ల పక్కదైనా సరే. ఇంకెవరు అమ్ముతారు?"

"నువ్వు అధ్యక్షురాలిగా ఉన్నంతకాలం ఎవడూ అమ్మడమ్మా."